గాలివానకు మందను కదపొద్దు

మళ్లీ అదే నస. "పిలగానికి అంతా రాయి, ఏం దాయకు" అని మీ అమ్మ పొద్దటి నుంచి ఊపిరి తీసుకోనివ్వడం లేదు. అందరం క్షేమమని ముందు రాయాలి కదా, రాస్తున్నాను. నీకు దీవెనలు, జానయ్యా. ఉత్తరం ఇక్కడే ఆపేస్తే ఎంత బాగుండు!

నీ జాబు అందింది. కాకినాడ రేవులో మీ కూలీల గుడిసె కప్పు ఎగిరిపోయిందని చదివితే మీ అమ్మ ఏడ్చింది. తుపాను అంటే మన గాలివానేనా అని అడిగావు. కూలి మానేసి వచ్చి మంద కాస్తానని కూడా రాశావు. దానికి జవాబు చివర్లో.

గాలివాన మీ మేనమామ బీరన్న లాంటిది. ఎండాకాలం సాయంత్రం పడమటి నుంచి అరుచుకుంటూ వస్తాడు, కుండలు బోర్లిస్తాడు, దీపం పెట్టే వేళకు పోతాడు. తుపాను అరవదు. తూర్పు నుంచి చలిని వెంటేసుకొని సన్నని జల్లుగా దిగుతుంది. తగ్గినట్టే తగ్గి ఇంకో దిక్కు నుంచి కొడుతుంది. గింజలు అయిపోయేదాకా మంచం దిగని చుట్టం అది.

ఇదంతా నాకు ముందే తెలుసనుకోకు. అక్కడ మిమ్మల్ని కొట్టిన తుపానే తర్వాత ఇక్కడికీ వచ్చింది. సముద్రం పాలమూరు దాకా నడిచొస్తుందని ఎవరనుకుంటారు? పంచాయతీ రేడియో చెప్పేదేమో గాని, దాని బ్యాటరీ తుపాను కంటే ముందే చచ్చింది.

దసరాకు ఉన్ని కత్తిరించాం. గొర్రెలు ఒట్టి ఒంటితో ఉన్నాయి. ఎరువు కోసం ఎల్లయ్య చేనులో మంద పెట్టాం. చినుకు పడగానే మీ అమ్మ కొంగు నెత్తిన వేసుకొని ఉరికొచ్చింది.

"ఓ జానయ్య నాయినా, మందను ఊళ్లెకు తోలుదాం పా. గీ చలి మంచిగ లేదు."

"గాలివానకు మందను కదపొద్దే. మా నాయిన చెప్పిండు. కదిపితే చెదురుతయ్. పొద్దుగూకేవరకు గదే పోతది."

"ఉరుము లేదు, మెరుపు లేదు. గిదేం గాలివాన?"

"ఇయ్యాల దానికి గొంతు పోయినట్టుంది" అని నవ్వాను.

పొద్దుగూకింది, అది పోలేదు. తెల్లారింది, పోలేదు. మీ తాత మాట నిజమే, ఒక్క గొర్రె చెదరలేదు. తలలు ఒకదానికొకటి ఆనించి, ఉన్నచోటే బిగుసుకుపోయాయి. ఒక్కటీ అరవలేదు. వాటి ఉన్నితో నేసిన గొంగడి మాత్రం నా భుజాల మీద వెచ్చగానే ఉంది.

అందుకే రావద్దంటున్నాను, బిడ్డా. కాయడానికి మంద లేదు. ఎల్లయ్య చేనులోనే గుంత తీసి పూడ్చాం. "ఈసారి నీ చేనుకు ఎరువు బాగా పడ్డదే" అన్నాను. ఎల్లయ్య నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

నువ్వు సాకిన చుక్కగొర్రె పిల్ల ఒక్కటి మిగిలింది. మీ అమ్మ దాన్ని ఒడిలో పెట్టుకొని పొయ్యి ముందు కూర్చుంది, పాలలో ముంచిన గుడ్డ నోటికి అందిస్తోంది. అది బతికితే దానితోనే మళ్లీ మంద మొదలవుతుందట, అప్పుడు నిన్ను రమ్మని రాయాలట. నాకు నమ్మకం లేదు. కాని పొద్దున అది చెవి ఆడించింది. ఉండు, మీ అమ్మ పిలుస్తోంది. "ఓ జానయ్య నాయినా, జల్ది రా, పిల్ల పాలు మింగుతలేదు" అంటోంది. నువ్వు మాత్రం అక్కడే ఉండు.

ఇట్లు,
నీ నాయిన