నీ పుడ్డింగులో నేను చెప్పని లోటు

చెల్లీ రత్నం,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు. అరకులో మీ ఇంట్లోనే ఉన్నాను. నీ తర్వాత ఈ ఇంటికొచ్చిన కాంతం, మీ ఆయన పనిచేసే దొరగారి బంగళాలో మిగిలిన రొట్టె తెప్పించి నీ పుడ్డింగు చేసింది. పాలూ గుడ్లూ బెల్లమూ కలిపి, నీ తపేలాలోనే పోసి, నీలాగే మూత మీద కూడా నిప్పులు పేర్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వితంతువుకు మళ్ళీ పెళ్ళెందుకు కాకూడదని సభలో పెద్దలతో కలబడి, ఈ కాంతాన్ని మీ ఆయనకిచ్చి చేసినదాన్ని నేనే. అందులో తప్పేముంది? ఇప్పటికీ ఎవడొచ్చినా వాదిస్తాను. కానీ నీ కూతురు ఆమె ఒళ్ళో కూర్చుని, "అమ్మా, ఇంకాస్త ఎట్టు" అంటుంటే, నా వాదనలన్నీ ఏ మూలకొస్తాయి చెప్పు?

"ఏటక్కా, అలా సూత్తన్నావు? మీ సెల్లి సేసినట్టు నేదా? ఏటి తక్కువైందో సెప్పు, బేగి నేర్సుకుంటాను" అంది కాంతం.

నువ్వు ముందుగా తపేలా అడుగున కాస్త బెల్లం మాడనిచ్చేదానివి. ఆ చిరుచేదు సంగతి మనిద్దరికే తెలుసు.

"ఏమీ తక్కువ కాలేదమ్మా" అన్నాను.

లోకం ఆమెకివ్వని హక్కులన్నిటి కోసం రేపు మళ్ళీ సభలో పోట్లాడతాను. ఇదొక్కటి మాత్రం చెప్పను.