పెంజా ఇచ్చిన ఘటం

చిరంజీవి అరుణశ్రీకి నానమ్మ దీవెనలు. ఇక్కడ మన పేట తాకేటాలో మేమందరం కులాసా. ఆ రష్యా చలిలో నువ్వూ కులాసాగా ఉండాలని అమ్మవారికి రోజూ చెబుతున్నాను. నేను చెబుతుంటే పక్కింటి డోరతీ రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని ముందే చెప్పాను.

నువ్వు చదువుకునే పెంజా ఊరి చరిత్ర రాస్తే నాకు విసుగేమో అని అడిగావు. విసుగేమిటి తల్లీ, దాంతోనే గెలిచాను. మన ఘటం మన గుడికి వచ్చేసింది.

నర్గిస్ తుఫానుకి మన గుడి కప్పు ఎగిరిపోయినప్పుడు వాగు అవతలి తామ్వే పేట సంఘం పెద్ద ధర్మారావు అమ్మవారి ఇత్తడి ఘటాన్ని భద్రం చేస్తానని పట్టుకెళ్ళాడు. వెంటనే మన సంఘాన్నీ వాళ్ళలో కలిపేశాడు. మనం కప్పు వేసుకున్నా ఘటం రాలేదు. ఇన్నేళ్ళూ పండగనాడు మన ఆడవాళ్ళు పసుపునీళ్ళ బిందెలతో వాళ్ళ గుమ్మంలో వరస చివర నిలబడ్డారు. ధర్మారావు పోయాక అతని కొడుకు వాసుదేవరావు అధ్యక్షుడయ్యాడు. మొన్న సభలో లేచి, మన సంఘాన్ని విడదీసి ఘటం ఇచ్చెయ్యమని అతన్నే అడిగాను.

"కలిపీసింది కలిపీసినట్టే అత్తా. మా నాన్న సేసిన ఏర్పాటది," అన్నాడు.

"రష్యాలో పెంజా అని ఊరుంది, ఇను. దాని కింద పెద్ద పరగణా. ఓ చక్రవర్తి దాన్ని రద్దు సేసి, ముక్కలు సేసి సుట్టుపక్కలోళ్ళకి పంచీసినాడు. ఆడు పోయాక కొడుకు గద్దెనెక్కి తిరిగి నిలబెట్టినాడు. సోవియట్లూ ఓసారి కలిపీసి, మళ్ళీ ఇడదీసినారు. ఇప్పుడు దానికి గవర్నరున్నాడు, సొంత సభుంది. మధ్యలో ఊరు గానీ లేసి ఎల్లిపోనాదేటి?"

అందరూ నవ్వారు.

"అయితే ఆ చక్రవర్తిని నానేనా?"

"కాదు బాబూ, నువ్వు కొడుకువి. తండ్రి తీసింది తిరిగిచ్చినోడివి. అవునో కాదో నువ్వే సెప్పు."

అతను తల దించుకుని, సరే చేతులెత్తండి అన్నాడు. తామ్వే ఆడవాళ్ళే ముందు ఎత్తారు, తమ గుమ్మంలో వరస తగ్గుతుందని.

మోకాలు ఎలా ఉందని అడిగావు. ఇంతసేపూ దాటేసింది ఆ మాటే. ఘటాన్ని నా నెత్తినే తెస్తానని నీకు మాటిచ్చాను కదా, అది జరగలేదు. తామ్వే నుంచి వస్తుంటే పజుండాంగ్ వాగు వంతెన మధ్యలో మోకాలు మొరాయించింది. ఘటం నేలకి తాకకూడదు. మన ఆడవాళ్ళందరి నెత్తినా బిందెలున్నాయి. వెనకే వస్తున్న వాసుదేవరావు తువ్వాలు చుట్టకుదురు చేసుకుని, "ఇలా తే అత్తా," అని తల వంచాడు.

మగవాడు మోయకూడదని ఎవరో గొణిగారు. గమ్మునుండమన్నాను. పట్టుకెళ్ళిన ఇంటివాడు నెత్తిన పెట్టుకుని తెచ్చి ఇస్తుంటే అమ్మవారికి లేని అభ్యంతరం ఎవరికి? డోరతీ భుజం పట్టుకుని నేను ముందు నడిచాను, అధ్యక్షుడు నా వెనక నడిచాడు.

గుడి ముందు చెమటలు కక్కుతూ ఆగి, "ఎక్కడ దించమంటావత్తా?" అని నన్నే అడిగాడు.

కాసేపు అలా నిలబెట్టి, కళ్ళారా చూసుకున్నాను.

ఇట్లు,
వేలిముద్రతో,
నీ నానమ్మ