ఎర్రదారం కట్టిన సొరకాయ

అమ్మా,

నందిగామలో మన చుట్టుపక్కల రైతులంతా కలిసి కూరగాయల కొట్టు పెట్టారు. ప్రతి గంప మీదా పండించినవాళ్ళ పేరు, ఊరు రాస్తున్నారు. నీకు నచ్చేది.

ఈ ఉదయం బెండకాయలు కొంటుంటే, కొట్టు చూసుకునే మరియమ్మ గారు నన్ను గుర్తుపట్టారు.

"మీ అమ్మగారి పొట్టి సొరకాయ విత్తనం ఉంటే ఇవ్వండి. అందరూ అదే అడుగుతున్నారండి."

"లేదండి" అన్నాను.

విత్తనానికని నువ్వు ఎర్రదారం కట్టి వదిలిన కాయ ముదరకముందే నువ్వు వెళ్ళిపోయావు. నీ జ్ఞాపకార్థ కూటం రోజు వంటకి కూరలు చాలక, పిన్ని హడావిడిగా పాదు మీదున్న కాయలన్నీ కోసేసింది. సాంబారు బాగుందని అందరితో పాటు నేనూ మారు వేయించుకున్నాను.

చెయ్యి కడుక్కోబోతే, తొక్కల్లో ఎర్రదారం కనపడిందమ్మా.