అటు అయిదు, ఇటు మూడు

జూన్ 3, మంగళవారం

మేడ మీద బావ దగ్గర సోల్డరింగ్. బావంటే పున్నారావు, మా ఆవిడ పుష్పావతికి అన్నయ్య. ఒకప్పుడు అవనిగడ్డలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. అప్పటి మెషీన్ ఒకటి దాచుకున్నాడు. దానికి ఇప్పుడు మెమరీ కార్డు తయారుచేస్తున్నాం. మెషీన్ అయిదు ఓల్టులది. ఈ కాలం చిప్పులు మూడు చిల్లర ఓల్టులవి. మన లైన్లో ఎప్పుడూ లో ఓల్టేజీయే. అది చూసి చూసి, ఎక్కువిస్తే చిప్పు సంతోషిస్తుందనుకున్నాను. మాడిపోద్ది బావా, అని నవ్వాడు. మధ్యలో ఇంకో చిప్పు పెట్టాలట. అటు అయిదును ఇటు మూడుగా, ఇటు మూడును అటు అయిదుగా మార్చి చెబుతుందట. పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట, అన్నాడు.

జూన్ 8, ఆదివారం

గుడివాడలో ఓణీల ఫంక్షన్. భోజనాల బంతిలో అందరి ముందూ బావ నన్ను చూపించి, మా చెల్లెలి నోటికి దడిసే మా బావ మూగాడైపోయాడు, అన్నాడు. బంతంతా నవ్వింది. పుష్పావతి విస్తరి సగంలో మడిచి లేచింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేను మధ్యన కూర్చున్నాను.

జూన్ 9

మీ బావతో చెప్పండి, నా నోరు అంత చేదైతే నా చేతి కూర మాత్రం ఎందుకంట, అంది పుష్పావతి. పైకెళ్లి, ఇవాళ కూర కుదరలేదట అన్నాను. మహారాణికి చెప్పు, ఊళ్లో కర్రీ పాయింట్లకేం కరువు లేదని, అన్నాడు. కిందికొచ్చి, బయట తెచ్చుకుంటాడట, నిన్ను శ్రమపడొద్దన్నాడు, అన్నాను.

జూన్ 11

మోకాళ్లు నొప్పి. మెట్లు.

జూన్ 14, సాయంత్రం

కార్డు స్లాట్‌లో పెట్టాం. మధ్య చిప్పు వేలు పెట్టలేనంత కాలింది. ఒక వైరు తప్పు. ఎవరి వంతు ఎప్పుడో దానికి తెలియడం లేదట. రెండువైపులా ఒకేసారి మాట్లాడుతున్నాయి, మధ్యలో ఇది చస్తంది, అని బావ పడీ పడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

జూన్ 15, మధ్యాహ్నం

పుష్పావతి కంచం ముందు పెట్టి అడిగింది. నిజం చెప్పండి, నాకు భయపడే మీరు మాట్లాడరా, అని.

కాదు. చిన్నప్పటినుంచీ నేనింతే. హంసలదీవి దగ్గర మా ఊరి బడిలో పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనడానికి నోరు రాక, ముందు బల్ల మీద కూర్చునే ఆబ్సెంటు వేయించుకున్నాను. అసలు ఆవిడ మాట్లాడుతుంటేనే నాకు ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఇదంతా గొంతుదాకా వచ్చింది.

పప్పులో ఉప్పు సరిపోయింది, అన్నాను.

ఆవిడ మంచినీళ్లు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అవునన్నట్టే తీసుకుంది.

జూన్ 16

బావ బందరు వెళ్లిపోతాడట, కూతురు హర్షిణి దగ్గరికి. మెషీన్‌తో సహా. చెల్లెలు ఒక్కసారి ఉండమంటే ఉంటాను, అన్నాడు. బంతిలో అన్నది అబద్ధమని ఒప్పుకుంటే ఉండమంటాను, అంది పుష్పావతి. ఈసారి మాట మార్చకుండానే మోశాను. పని జరగలేదు. అది అబద్ధమో కాదో చెప్పాల్సింది నేనొక్కణ్ణే. బావ పోతే నాకు మేడా లేదు, తోడూ లేదు. కింద ఆవిడ ముఖం చూడలేను. సగం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఎటు లేవాలో తెలియలేదు.

జూన్ 18, ఉదయం

ఆటో వచ్చింది. బావ మెషీన్ ఎక్కించాడు. పుష్పావతి గుమ్మంలో నిలబడింది. నేను పుట్టుకతోనే ఇంతే, ఆవిడ వల్ల కాదు, అన్నాను.

ఏంటీ, వినపళ్లా, గట్టిగా చెప్పమని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

ఆటో అతను ఇంజన్ ఆపాడు.