నీలం ప్యాంటు కొలత

టీచరమ్మకి,

నీ దర్జీ రాస్తున్నాడు. ఇక్కడ పిల్లా, కుట్టుమిషనూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ హాస్టల్లో నలభై మంది అమ్మాయిలూ క్షేమమని తలుస్తాను. నా క్షేమం సంగతి కాస్త ఆగి చెప్తాను, కంగారు పడకు. పడ్డా చివరిదాకా చదివి పడు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఫోన్‌లో అయితే నవ్వించి తప్పించుకుంటానని, బదిలీ అయి వెళ్ళిన రోజునే ఇక ఉత్తరాలే రాయమన్నావు కదా. ఈసారి ప్రశ్నలకి నంబర్లు కూడా వేశావు! నీ క్లాసు పిల్లల అవస్థ ఇప్పుడు తెలిసొస్తోంది.

పిల్ల లెక్కలు బాగానే చేస్తోంది. ముందు పన్ను ఊడింది, దాన్ని నా గుండీల డబ్బాలో దాచుకుంది. వంటింటి కుళాయి కారడం ఆగింది. ఇవి తేలిక ప్రశ్నలు, అందుకే ముందు రాసేశాను.

నడుస్తున్నావా అని అడిగావు. నడుస్తున్నాను, రోజూ పొద్దున్నే వీధి చివరిదాకా. వీధి చివర ఎవరున్నారో నీకు తెలుసు. బేకరీ ఆయన నన్ను దూరం నుంచే చూసి రెండు బన్నులు కాగితంలో చుట్టేస్తాడు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. అటు కాకపోతే ఇటు నడవొచ్చుగా అంటావు. ఇటంతా ఎత్తు, నా మోకాళ్ళు ససేమిరా అంటాయి. నవ్వకు, నిజంగానే అంటాయి.

తిండి సంగతి. డాక్టరమ్మ కిందటేడే చెప్పింది కదా, కంచంలో సగం కూరగాయలు ఉండాలి, తిన్నాక కాసేపు నడవాలి, వేళకి పడుకోవాలి, బతికినన్నాళ్ళూ చెయ్యగలిగినవే చెయ్యాలి అని. బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి పన్నెండు రోజులు దోసకాయ ముక్కలూ నీళ్ళతో గడిపాను. నాలుగు కిలోలు తగ్గాను. వీధంతా చెప్పుకు తిరిగాను. నెల తిరక్కుండా ఐదు కిలోలు ఎక్కాయి. ముప్పై ఏళ్ళుగా తేదీ పెట్టుకుని కుట్టి ఇచ్చేవాణ్ణి నేను. ఫలానా రోజుకి పూర్తవ్వాలంటే నిద్ర మానేసైనా చేస్తాను. ఎప్పటికీ పూర్తి కాని పని ఎలా చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఇక నీ ఐదో ప్రశ్న. నీలం ప్యాంటు ఎంత వదులైందని అడిగావు. మొదట అరంగుళం అన్నాను, తర్వాత అంగుళం, కిందటి ఉత్తరంలో ఒకటిన్నర అంగుళం. నువ్వు స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించానని రాశావు. అది చదివినప్పటి నుంచీ ముద్ద దిగడం లేదని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే, దిగుతోంది.

ప్యాంటు వదులైన మాట నిజమే. వదులు చేసింది నేను.

ఊళ్ళోవాళ్ళకి నడుము దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ వదులుతాను. నాకు నాలుగు వదులుకున్నాను. ఒళ్ళు పెరిగితే మిగతా మగాళ్ళకి గుండీ పట్టదు, పట్టకపోయేసరికి బుద్ధొస్తుంది. నేనేమో కుట్టు విప్పేసి కొత్తది వేసేస్తాను. నా బట్టలు నాకు ఎప్పుడూ సరిపోయాయి, అదే నా కొంప ముంచింది. నీకు ఉత్తరం రాసే ముందల్లా ఇంకాస్త విప్పి, తొడుక్కుని, వేళ్ళు దూర్చి చూసి, వదులైందని రాసేవాణ్ణి. కిందటి వారంతో లోపల గుడ్డ అయిపోయింది. ఇక విప్పడానికేం లేదు.

దీంతో అయిపోతే ఇంకా దాచేవాణ్ణేమో. మంగళవారం సాయంత్రం కొట్లో చెప్పుల్లేకుండా తిరుగుతున్నాను. పిల్ల బడి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "నాన్నా, నేల మీద రక్తం" అంది. చూస్తే నా మడమలో సగం విరిగిన సూది. ఎప్పుడు దిగిందో తెలీదు. "నొప్పి పుట్టలేదా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అది పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తి, "మా నాన్నకి సూది గుచ్చుకున్నా నొప్పి పుట్టదు, తెలుసా!" అని గొప్పగా చెప్పింది.

మా అన్నయ్యకి కాలి వేళ్ళు తీసేసే ముందు వాడూ ఇదే చెప్పాడు, గుర్తుందా? నొప్పే లేదురా అని.

డాక్టరమ్మ సూది తీసి కట్టు కట్టింది. షుగరు పెరిగి పాదాల్లో స్పర్శ తగ్గిందంది. చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దు, రోజూ పాదాలు చూసుకో, ఒళ్ళు మెల్లిగా తగ్గించుకో అంది. మళ్ళీ అవే మాటలు. ఆవిడకి కోపం కూడా రాలేదు, కోప్పడి ఉంటే బాగుండేది. ఈ కాలితోనే కదా మిషను తొక్కుతాను, ఈ కాలితోనే కదా పిల్లని బడికి తీసుకెళ్తాను. భయమేస్తోందే. భయపడుతూనే నిన్న మళ్ళీ బన్ను తిన్నాను. నా చెయ్యే నా మాట వినకపోతే ఎవరితో మొర పెట్టుకోను? నిన్ను రమ్మనలేను, వద్దనీ అనలేను.

కవరులో మడిచిన తెల్ల నాడా ఒకటి ఉంటుంది, పారెయ్యకు. అది నా నడుము. నేను టేపు పట్టుకుంటే నా వేలు దానంతట అదే జారుతుంది, అందుకని పిల్ల చేత చుట్టించి కత్తిరించాను. అంకె వెయ్యలేదు. నువ్వే కొలుచుకో.

కత్తిరించేటప్పుడు పిల్ల, "పొట్ట లోపలికి లాక్కోకు నాన్నా" అంది.

లాక్కోలేదు.

ఇట్లు,
నీ పిల్ల వాళ్ళ నాన్న