మనింటి పిల్లకు సెలవు లేదు

పిన్నీ,

నోటితో చెప్పబోతే నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుంటావు, నేను ఆగిపోతాను. అందుకే రాసి షాపులో ఫ్రిజ్ మీద పెడుతున్నాను.

పలాస నుంచి నన్ను నాచారం తీసుకొచ్చేటప్పుడు అమ్మతో ఏమన్నావు? "వారమంతా కర్రీ పాయింట్‌లో నాకు సాయంగా ఉంటుంది, ఆదివారం ఉప్పల్‌లో కాలేజీకి వెళ్తుంది. తక్కువ ఫీజుతో డిగ్రీ అయిపోతుంది" అన్నావు. ఒక ఆదివారం కేటరింగ్ ఆర్డరన్నావు. పోయిన ఆదివారం స్టేడియంలో మ్యాచ్ ఉంది, గిరాకీ ఎక్కువన్నావు. ఇంకొక్క ప్రాక్టికల్ తప్పితే పరీక్ష రాయనివ్వనని సారు చెప్పేశారు.

ఈ పొద్దున చపాతీలు చేసే సూర్యకళక్క, "రేపు రాను, మా చెల్లెకు పెండ్లిసూపులున్నయి" అంటే సరేనన్నావు. వెంటనే నేనడిగితే, "మనింటి పిల్లవి, నీకూ సెలవేంటే?" అన్నావు. నువ్వు లోపలికి వెళ్ళాక ఆవిడ, "బయటిదాన్ని గనక నాకు దొరికింది, నీకేడ దొరుకుతది" అని నవ్వింది.

రేపు క్లాసుకు వెళ్తున్నాను. సోమవారం పనిలోకి వస్తాను, సూర్యకళక్కలాగే జీతానికి వచ్చిన మనిషిగా. రేపటికి మనింటి పిల్లే కావాలంటే, ట్యూషన్ మానిపించి నీ కూతురు కీర్తనను నిలబెట్టుకో.

మీ అక్క కూతురు