పోత పోసిన నాటి పళ్లెం

స్వామిమలై

చి.ల.సౌ. తైయల్‌నాయకికి ఆశీస్సులు; ఇక్కడ అందరం క్షేమం.

నిన్న అమ్మవారి విగ్రహానికి పోత పోశాము. కరిగిన లోహంలో వేయడానికి ఊరివారు ఆనవాయితీగా బంగారు తునకలు తెచ్చారు. శాస్త్రం కోరినంత బంగారం మన పెళ్లినాటి ఉంగరంతో సరిపెట్టాను, నొచ్చుకోకు. వారి తునకలు సముద్రం ముంచిన నాగపట్నం వారికి కావాలని పళ్లెం చాపాను.

ధర్మకర్త విసుక్కున్నాడు. "లోహం చల్లారుతోంది స్థపతిగారూ. తైపూసం పండుగకు విగ్రహం అందకపోతే కుంభాభిషేకం మీరు చేయిస్తారా?"

పాలమ్మే కుప్పమ్మ తన ముక్కుపుడక పళ్లెంలో వేసి, "లోహం ఎప్పుడో కరిగిందయ్యా, తమరే ఇంకా కరగలేదు" అంది. అందరూ నవ్వారు. ధర్మకర్త తన మెడలోని గొలుసు తీసి పళ్లెంలో వేశాడు. నేను చదివే ధ్యానశ్లోకం ముగిసేలోగా పోత అచ్చులోకి సవ్యంగా దిగింది.

పళ్లెంలో చేరినది అల్లుడితో పంపుతున్నాను. నాగపట్నంలో నీవు వండిపెడుతున్న శిబిరంలో పిల్లలకు దుప్పట్లు కొనిపించు. మోకాలి నొప్పి తగ్గిందా? గుగ్గిలం డబ్బా ఎక్కడ పెట్టావు? తైపూసంలోగా చెక్కుడు పని ముగియాలి గనుక నేను రాలేను. అక్కడి బిడ్డలందరికీ నా దీవెనలు.

విగ్రహానికి కన్ను తెరిచే నాడు తొలిచూపు పడేందుకు ప్రతిసారీ అద్దం పట్టేది నీవే. అక్కడి పొయ్యి విడిచి రమ్మనను. అద్దం మాత్రం తుడిచి ఉంచాను.

సుందరమూర్తి స్థపతి